కొల్లేటి నీళ్ళకి నప్పే రంగు

కొల్లేరు వైపు వెళ్ళొచ్చామని తెలిసినప్పటినుంచీ మా తాడేపల్లిగూడెంలో అందరిదీ ఒకటే ప్రశ్న, "గూడబాతుల్ని చూశారా?" అని. చూశానండీ, బోలెడన్ని చూశాను. అయితే వాటికంటే ఎక్కువసేపు నీళ్ళని చూశాను. పంటకాలువ నీళ్ళు ఒక రంగు, చేపల చెరువు నీళ్ళు ఇంకో రంగు, ఉప్పుటేరు నీళ్ళు పొద్దున ఒక రంగు, పోటు తగిలాక వేరే రంగు. ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగి యాభై దాటినదాన్ని, ఇన్నాళ్ళూ నీళ్ళంటే నీళ్ళేగదా అనుకున్నాను. ఎందుకు చూడాల్సొచ్చిందో చెప్పాలంటే ముందు మా ఆయన పెట్టె సంగతి చెప్పాలి.

బయల్దేరేముందు

మాకు గూడెంలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సు. మీరు చీర తెచ్చి కౌంటర్ మీద పెడితే దానికి నప్పే ముక్క తీసివ్వడం మా పని. మా కొట్లో ఒక పద్ధతుంది. ట్యూబులైటు కింద ఏదీ తేల్చం. చీరనీ ముక్కనీ పట్టుకుని మెట్లు దిగి, రోడ్డు మీద ఎండలో పెట్టి చూస్తాం. లోపల అక్కచెల్లెళ్ళలా ఉన్న రంగులు బయటికొచ్చేసరికి ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

మా ఆయనకి కొట్టు కాక ఇంకో పిచ్చి ఉంది, గేలం. వానపామూ పిండిముద్దా గుచ్చే గేలం కాదండోయ్, లూర్లు. రబ్బరు కప్పలు, ప్లాస్టిక్ చేపపిల్లలు, ఒక్కోదానికీ ఒక్కో రంగు, కడుపు కింద ముళ్ళు. నీళ్ళలోకి విసిరి రీలు చుడుతూ లాగితే నిజం కప్పే పోతోందనుకుని కొర్రమేను వచ్చి పట్టుకుంటుంది. ఒక్కో కప్ప నాలుగొందలట! ఆ డబ్బుకి మంచి పట్టు జాకెట్టు ముక్క వస్తుంది. పైగా మా ఇంట్లో నీచు వండం. ఈయన పట్టిన చేపని ఒళ్ళు నిమిరి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. "వదిలెయ్యడానికి పట్టడం దేనికండీ?" అని వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఏడాదిగా షుగరు వల్ల ఆయన కంటి నరం దెబ్బతింది. చూపు ఉంది. మనుషుల్ని గుర్తుపడతారు, పేపర్లో పెద్దక్షరాలు చదువుతారు. పోయింది రంగులే. ఒక పెళ్ళివారికి నీలం అనుకుని ఆకుపచ్చ ముక్క కోసిచ్చారు. వాళ్ళు పెద్దగా ఏమీ అనలేదు గానీ ఆ రోజునుంచీ ఈయన గుడ్డ ముట్టుకోలేదు, బిల్లుల దగ్గర కూర్చుంటున్నారు. ఎవర్నీ ఏదీ అడగరు. పక్కనే నేనున్నాను కదా, ఇదేం రంగే అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది? ఊహూఁ. ఊహించి తప్పు చెబుతారు, లేకపోతే మాట తప్పిస్తారు.

ఓ రోజు అన్నం తింటూ, "ఆ లూర్ల పెట్టె ఆకివీడు సత్తిబాబుకి ఇచ్చేస్తాను" అన్నారు. సత్తిబాబుకి ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ ఉంది. వీళ్ళిద్దరూ కలిసి తిరగని కాలవగట్టు లేదు. "ఏలూరులో డాక్టరుకి చూపించుకుని అట్నుంచటే వెళ్ళి ఇచ్చేసి వచ్చేద్దాం. ఇంక నాకెందుకవి?"

ఆ మాట మరీ మామూలుగా అన్నారు. కొట్లో గుడ్డల పని పోయింది, ఇప్పుడు ఇది కూడా పోతే ఈ మనిషి దగ్గర ఏం మిగులుతుంది? నేను పైకి సరేనన్నాను. లోపల మాత్రం పెట్టె తీసుకెళ్ళి పెట్టెతోనే ఇంటికి రావాలని గట్టిగా అనుకున్నాను.

ఏలూరు

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మేనకోడలి వయసుంటుంది. చుక్కల బొమ్మలున్న పుస్తకం ఒకటి తెరిచి, "ఇందులో నంబరు ఏం కనపడుతోందండీ?" అంది. నేను వెనక నుంచుని చూస్తున్నాను. ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్ర చుక్కలతో ఏడు అంకె నాకు ఎదురుగుండా కనపడుతోంది. మా ఆయన కాసేపు చూసి, కొట్లో ధర చెప్పినంత ధీమాగా, "మూడండీ" అన్నారు. పేజీ తిప్పింది. మళ్ళీ ధీమాగానే ఇంకో తప్పు చెప్పారు. నాకు ఆయన భుజం పట్టుకుని నొక్కాలనిపించింది, నొక్కలేదు.

"ఉన్న చూపు కాపాడుకుందామండీ" అంది ఆ అమ్మాయి మెల్లగా. "పోయిన రంగులు తిరిగి వస్తాయని చెప్పలేను. షుగరు మాత్రం అదుపులో ఉంచాలి."

బయటికొచ్చి పెసరట్టు ఉప్మా తిన్నాం. మా గూడెం కంటే పది రూపాయలెక్కువ. అల్లప్పచ్చడి మాత్రం దానికి న్యాయం చేసింది, చెవుల్లోంచి పొగలొచ్చాయి. అక్కడ సర్వరు ఎవరికి వడ్డించినా "ఇంకోటి ఎయ్యనాండీ? మొహమాటపడకండీ" అంటూ ఇంటికొచ్చిన చుట్టాల్ని చూసినట్టు చూశాడు. మా గూడెం హోటళ్ళలో తిన్నది చాలు, లెమ్మన్నట్టు బల్ల తుడిచేస్తారు.

సాయంత్రం బసలో ఆ పెట్టె తెరిపించాను. ఓరి నాయనో! గంధం రంగు, వంకాయ రంగు, దొండపండు రంగు, తేనె రంగు, వెండి జరీలా మెరిసేవి కొన్ని. సగానికి పైగా కవరు కూడా విప్పలేదు. నేను చీరలు దాచుకుంటానని ముప్పై ఏళ్ళుగా సణిగే మనిషి ఇన్ని కొని దాచారన్నమాట!

"కొన్నవి కొన్నట్టే ఇచ్చేస్తే బాగుంటుందేంటండీ? ఆకివీడు వెళ్ళేలోపు కొన్నింటికైనా నీళ్ళు తగిలిద్దాం" అన్నాను.

"నీకెందుకే ఈ గొడవ?" అన్నారు గానీ రాడ్డు సంచీ ఎక్కడుందో మాత్రం చేత్తో తడిమి చూసుకున్నారు.

పెదపాడు

పెదపాడు దగ్గర వరిచేల మధ్య పంటకాలువ. రాత్రి పైన వాన పడింది కాబోలు, నీళ్ళు పాలు తక్కువైన టీలా పారుతున్నాయి. ఆయన గట్టు మీద నుంచుని రాడ్డు బిగించుకుని, పెట్టె నా వైపు తోసి, "ఏదో ఒకటి ఇవ్వు" అన్నారు.

నాకా చెప్పడం! ముప్పై ఏళ్ళ అనుభవం. తేనె రంగు కప్ప, ఇటుక రంగు కప్ప, ముదురు గోధుమ రంగు కప్ప తీసి, మా కొట్టు పద్ధతిలోనే గట్టు దిగి నీళ్ళ పక్కన ఎండలో పెట్టి చూశాను. ముదురు గోధుమ రంగుది ఆ నీళ్ళలో ఇలా ముంచానో లేదో అలా కలిసిపోయింది. చీర చెంగు కోసి కుట్టినట్టు, వీసమెత్తు తేడా లేదు. గర్వంగా పైకి తెచ్చి ఇచ్చాను. అది ఏ రంగని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

విసిరారు, లాగారు. మళ్ళీ విసిరారు. ఎండ నెత్తికెక్కింది. కాలవలో కొర్రమేన్లు గుప్పుగుప్పుమని బుడగలు వదులుతూనే ఉన్నాయి. ఈయన కప్ప దరిదాపుల్లోకి ఒక్కటీ రాలేదు. ఇంతలో ఆ చేనుగల ఆవిడ వెంకాయమ్మ గారు గొడుగేసుకుని వచ్చి పక్కన నుంచున్నారు.

"ఏవండీ, ఏం పడుతున్నాయండీ?"

"ఇంకా ఏం లేదండీ."

ఆవిడ కాసేపు నీళ్ళలోకి చూశారు. కళ్ళు చికిలించి మళ్ళీ చూశారు. "ఏవనుకోకండీ, మీరు లాగుతోంది ఎక్కడుందండీ? నాకే కనపట్లేదు, చేపకేం కనపడుద్దండీ?"

మా ఆయన రీలు తిప్పడం ఆపారు. కప్పని దగ్గరికి లాక్కుని, తాడు పట్టుకుని నా మొహం ముందు ఆడించి, "ఏం రంగిచ్చావే నువ్వు?" అనబోయి, సగంలోనే మింగేసి, వెంకాయమ్మ గారి వైపు తిరిగారు. "ఏం రంగుదండీ ఇది?"

"బురద రంగేనండీ."

అంతే, మా ఆయన నవ్వు మొదలెట్టారు. గట్టు మీద కూలబడి మరీ నవ్వారు. "మాది మ్యాచింగ్ సెంటరండీ! మా ఆవిడ నీళ్ళకి మ్యాచింగ్ తీసింది!" వెంకాయమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు సిగ్గూ వచ్చింది, ఆనందమూ వేసింది. ఏడాదై ఆ నవ్వు వినలేదు మరి.

అప్పుడు చెప్పారు అసలు సంగతి. బురదనీళ్ళలో చేపకి రంగు సరిగా తెలీదట, ఆకారమే తెలుస్తుందట. అందుకని కింద నుంచి చూసే చేపకి ఆకాశానికి అడ్డంగా నల్లగా కనపడేదైనా వెయ్యాలి, లేదా కళ్ళు చెదిరే రంగుదైనా వెయ్యాలి. చెరువు నీళ్ళు పచ్చగా ఉంటే పసుపూ చిలకాకుపచ్చా. నీళ్ళు తేటగా ఉంటే ఒంటి మీద వెండి మెరుపున్నది, అసలు చేపపిల్లలా ఉన్నది. "నువ్వు కాంట్రాస్టు జాకెట్లు అమ్మట్లేదూ? అదే ఇదీ" అన్నారు.

పెట్టెలోంచి నల్ల కప్ప ఆయనే తీసుకున్నారు. నాలుగోసారి విసిరేసరికి నీళ్ళు పగిలిన చప్పుడయింది, రాడ్డు వంగిపోయింది. చెయ్యంత కొర్రమేను! వెంకాయమ్మ గారు ఇగురు గురించి మాట్లాడుతూ ఉండగానే ఈయన ముల్లు తప్పించి, చేపని నీళ్ళలో రెండు చేతులతో పట్టుకుని, అది తోక ఆడించాక వదిలేశారు.

"అయ్యయ్యో, వదిలేశారేంటండీ!" ఆవిడ గొడుగు కింద పడేశారు. మేం తినమని తెలిసి ఇంకా బాధపడ్డారు. ఇంటికి తీసుకెళ్ళి, నీచు తగలని గిన్నె కోసం అటకెక్కినంత పని చేసి, అందులో కొత్తగా పప్పు ఉడకేసి, గోంగూర నూరి పెట్టారు. దారినపోయే వాళ్ళకి మా గూడెంలో మంచినీళ్ళిస్తాం, మహా అయితే మజ్జిగిస్తాం. గిన్నెలు మార్చి వంట చెయ్యడం నేనెక్కడా చూళ్ళేదు.

తిరిగొస్తుంటే నేను ఉత్సాహం ఆపుకోలేక, "చూశారా, మీరు పట్టారు! ఇంక పెట్టె ఇవ్వడం దేనికి?" అన్నాను.

ఆయన నవ్వు అప్పటికే అణిగిపోయింది. "అంతసేపు ఏం విసురుతున్నానో తెలీకుండా విసిరాను. పరాయి మనిషొచ్చి చెబితే తెలిసింది" అన్నారు. "నల్లదొక్కటే నా కంటికి ఆనుతోంది. అదొక్కటీ ఉంచుకుంటాలే. మిగతావి సత్తిబాబుకే."

నేను పెట్టె మూత బిగించి సంచీలో పెట్టాను.

కైకలూరు దారి

ఏలూరు నుంచి కైకలూరుకి బస్సులో కొల్లేటి మీదుగా వెళ్ళాం. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. గుర్రపుడెక్క పరుచుకున్న చోట ఊదా పూలు, చేపల చెరువుల దగ్గర పాలకూర ఉడికిన నీళ్ళలాంటి పచ్చదనం, నడుమ తేటనీళ్ళ మడుగుల్లో ఆకాశం. గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. ముందు వెళ్ళే చేపల లారీలోంచి ఐసునీళ్ళు కారి రోడ్డంతా తడి. బస్సులో నేను తప్ప ఆ వాసనకి ఎవరూ ముక్కు మూసుకోలేదు, అందుకని నేనూ తీసేశాను.

కైకలూరులో గేలం సామాన్లు అమ్మే కొట్టు చూద్దామన్నాను. కొట్టతను మహా మాటకారి. "ఏ నీళ్ళకైనా ఇదొక్కటేనండి, కళ్ళు మూసుకుని కొట్టెయ్యండి" అంటూ ఒకే రకం కప్పలు గుప్పెడు పోశాడు. కవర్ల మీద దుమ్ము చూస్తేనే నాకర్థమైంది. అమ్ముడుపోని సరుకుని మేమూ అలాగే పొగుడుతాం. "పాత స్టాకేనా బాబూ?" అన్నాను. అతను నవ్వేసి టీ చెప్పాడు.

ఆ టీ అందుకోబోతుంటే గోడకి వేలాడే లూరు ఒకటి నా పమిటకి పట్టేసింది. మూడు ముళ్ళూ దిగిపోయాయి. "పెద్ద చేపే పడిందండోయ్!" అన్నాడు కొట్టతను. నేను కంగారుగా లాగబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. బల్ల మీద కొంగు పరిచి, వేళ్ళతో తడుముకుంటూ, ఒక్కో ముల్లూ వచ్చిన దారినే వెనక్కి నెట్టారు. ఒక్క దారం తెగలేదు. ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

"నెమలిపింఛం రంగు చీరేగా? దీని మీద చిల్లు పడితే ఊరుకుంటావా?" అన్నారు.

నేను కట్టుకున్నది నేరేడుపండు రంగు. "అవునండీ, అదే" అన్నాను. ఏం చెయ్యను? అంత సంతోషంగా ఉన్నారు.

కొట్టతనికేం తెలుసు పాపం. "నేరేడు రంగు కదండి, చిల్లు పడ్డా కనపడదు లెండి" అన్నాడు.

మా ఆయన కొంగు వదిలేశారు.

ఆకివీడు బస్సు కదిలి చాలాదూరం వెళ్ళాక అన్నారు, కిటికీ వైపు చూస్తూనే. "ఎందుకు అడగనని నువ్వు లోపల్లోపల తిట్టుకుంటావు కదా. ఏం అడగమంటావు? నేనేం చెప్పినా నువ్వు అవునంటావు. మొన్న ఏలూరు బస్సులో నేను ఎర్రటి లారీ అంటే అవునన్నావు. పక్కసీటు కుర్రాడు తెల్లలారీ అన్నాడు. నా కళ్ళెలాగూ నిజం చెప్పవు. నువ్వూ చెప్పకపోతే ఇంక ఆ పెట్టె నాకెందుకే?"

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నొచ్చుకుంటారని అవునంటే అదీ తప్పేనా అని దెబ్బలాడదామనుకున్నాను. తీరా చూస్తే ఆయన మాటలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. 

ఆకివీడు, ఉప్పుటేరు

సత్తిబాబుది పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. "రండమ్మా, రండి! ఏవండీ ప్రసాద్ గారూ, చిక్కిపోయారేంటండీ? ఆయ్, ముందు కూర్చోండి" అంటూ ఐసు ఫ్యాక్టరీ చూపించాడు. అంతంత దిమ్మలు గొలుసుకి వేలాడుతూ పైకి లేస్తుంటే నాకు ఎండాకాలంలో మా కొట్టు గుర్తొచ్చి అక్కడే ఉండిపోవాలనిపించింది. వాళ్ళావిడ మా కోసం ఆ పూట ఇంట్లో చేప వండలేదట. ఆకివీడులో చేప వండని ఇల్లంటే చుట్టుపక్కల వాళ్ళొచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్ళారట.

మర్నాడు పొద్దున్నే ఉప్పుటేరు గట్టుకి వెళ్ళాం. సముద్రం పోటు లోపలికి తోసుకొస్తున్న వేళ. కొల్లేటి నుంచి దిగే మురికినీళ్ళూ కింద నుంచి ఎక్కే పచ్చటి తేటనీళ్ళూ ఏటి మధ్యలో కలుస్తున్నాయి. రెండు రకాల గుడ్డలు కలిపి కుట్టినట్టు కుట్టు వార కూడా తెలుస్తోంది. సత్తిబాబు తన రాడ్డు తీసుకుని ముందుకెళ్ళబోతే మా ఆయన ఆపి పెట్టె చేతికిచ్చారు.

"ఇంద సత్తిబాబూ. నాకింక అక్కర్లేదు."

సత్తిబాబు పెట్టె పట్టుకున్నాడు గానీ తెరవలేదు. గొంతు తగ్గింది. "నాకిస్తే మాత్రం నాకేం తెలుస్తుందండీ? ఎప్పుడూ మీరు ఇది కట్టవయ్యా అంటే అది కట్టాను. ఏది ఏ నీళ్ళకో చెప్పి ఇవ్వండి, పుచ్చుకుంటాను."

ఇద్దరూ గట్టు మీద చతికిలబడి పెట్టె తెరిచారు. కప్పలయితే మా ఆయన తడిమి, ఇది బరువుది, ఇది కాళ్ళున్నది అని చెప్పగలిగారు. తర్వాత చేపపిల్ల లూర్లొచ్చాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినవి, రంగొక్కటే తేడా. ఒకటి చేతిలోకి తీసుకున్నారు. ఎండకి పట్టి చూశారు. దగ్గరికి తెచ్చుకుని చూశారు. సత్తిబాబు ఏటి వైపు తిరిగి అక్కర్లేని ముడేదో విప్పుకుంటున్నాడు.

నేను నోరు తెరవలేదు. తెరవకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో ఆ ఉప్పుటేటికే తెలియాలి.

మా ఆయన ఆ లూరుని నా వైపు చాపారు.

"ఇదేం రంగే?" అన్నారు. "నిజం చెప్పు."

 ఆ చేతిలో ఉన్నది చూస్తే ఏ రంగూ కానిది, వెలిసిపోయిన గచ్చకాయ రంగు. ఆయన దాన్ని ఎంత ముచ్చటపడి కొనుంటారో అనిపించింది. అయినా చెప్పాను.

"గచ్చకాయ రంగండీ. ఏం బాగాలేదు. మన కొట్లోనైతే ఊరికే ఇచ్చినా పట్టుకెళ్ళరు."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తర్వాత దాన్ని సత్తిబాబు ఒళ్ళో పడేశారు. "ఇది నువ్వుంచుకో."

"అలాగేనండి. బాగాలేనివన్నీ నాకేనాండీ?" అన్నాడు సత్తిబాబు, ముక్కు ఎగపీలుస్తూ.

"ఇది?"

"చిలకాకుపచ్చ. కడుపు కింద పసుపు."

"నీళ్ళలో పెట్టి చూసి చెప్పు."

గట్టు దిగి ముంచాను. "తేటవైపు బాగా కొడుతోందండీ కళ్ళకి. మురికివైపు కూడా పర్లేదు."

"అయితే ఇది మనది. ఇది?"

అలా పెట్టంతా తిరగేశాం. వెండి మెరుపువి ఉంచుకున్నాం. దొండపండు రంగు గురించి కాస్త దెబ్బలాడుకున్నాం కూడా, నేను వద్దన్నాను, ఆయన ఉండనీ అన్నారు. సత్తిబాబుకి దక్కినవి గుప్పెడు, అన్నీ దిష్టిబొమ్మలే. చిలకాకుపచ్చది కట్టుకుని మా ఆయన లేచి, రెండు నీళ్ళూ కలిసే చోటు ఎక్కడుందో నన్నడిగారు. చెయ్యి పట్టుకుని చూపించాను. విసిరారు.

రీలు తిప్పుతూ ఇంక అడగడం ఆపలేదు. ఆ ఒడ్డున పడవేం రంగని అడిగారు. దాని మీద కూర్చున్న పిట్టేం రంగని అడిగారు. నేను ఉన్నదున్నట్టు చెబుతూ పోయాను. కాసేపటికి ఇటు తిరక్కుండానే అన్నారు.

"ఇవాళ నువ్వు కట్టుకున్న చీరేం రంగు?"

"మెంతి రంగండీ."

"ఆ రంగంటే నాకు చిరాకని తెలుసు కదా. మరెందుకు కట్టుకున్నావు?"

"మీకు కనపడదు కదా అని."

రీలు ఆగిపోయింది. సత్తిబాబు గుడ్లప్పగించి నా వైపు చూశాడు. మా ఆయన రాడ్డు అలాగే పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వడం మొదలెట్టారు.